పూల్ టేబుల్‌కి లైటు కొంటున్నారా? ముందు బల్ల జరపడం నేర్చుకోండి

ఒళ్లు మండిపోతుండగా రాస్తున్నా, కాస్త ఓర్చుకోండి. నెల్లూరులో ఫ్యాన్సీ లైట్లు కొన్న అలవాటున్న వాళ్లకి ఏ షాపు సంగతో పేరు చెప్పకుండానే అర్థమైపోతుంది.

మాది కావలి. మేడ మీద గదిలో ఎనిమిదడుగుల పూల్ టేబుల్ (కర్రతో బంతులు కొట్టి ఆడే బిలియర్డ్స్ లాంటి ఆట బల్ల) వేయించాం. దాని మీదికి మూడు షేడ్ల హ్యాంగింగ్ లైటు, బిగింపుతో కలిపి రూ.18,500. మొత్తం ముందే కట్టించుకున్నారు. షాపులో చూపించింది బరువైన ఇత్తడి కడ్డీ. ఇంటికొచ్చింది ఇత్తడి రంగు పూసిన రేకు గొట్టం, గోరుతో గీకితే రంగు లేచొస్తోంది. షేడ్లకి లోతే లేదు, బల్బు సగం బయటికే. క్యూ (ఆడే కర్ర) పట్టుకుని వంగితే వెలుగు సూటిగా కళ్లలో కొడుతుంది. పైగా పసుపు బల్బులు. ఆ వెలుతురులో 3 నంబరు ఎరుపు బంతికీ 5 నంబరు నారింజ బంతికీ తేడా తెలీదు, 4 ఊదాకీ 8 నలుపుకీ తెలీదు. 8ని ముందే బల్ల పాకెట్లో వేస్తే ఆట పోయినట్టేనని ఆడేవాళ్లకి చెప్పక్కర్లేదు.

బిగించడానికొచ్చిన కుర్రాడు టేపు కూడా తేలేదు. పాత ఫ్యాను హుక్కుకి ఒక గొలుసు తగిలించాడు, రెండోది జిప్సం ఫాల్స్ సీలింగ్‌కి ఉత్త స్క్రూతో బిగించి వెళ్లిపోయాడు. తీరా చూస్తే లైటు టేబుల్ మధ్య నుంచి అడుగు పక్కకి ఉంది. కిటికీ వైపు కుషన్ (బల్ల అంచు) పొడవునా నీడే.

ఫొటోలు తీసుకుని షాపుకి పోయాను. ఓనరు ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"లైటు వెలుగుతోందా సార్?"

"వెలుగుతోంది, టేబుల్ మీద కాదు."

"అయితే టేబుల్ కాస్త ఇటు జరుపుకోండి."

పక్కన సీరియల్ సెట్లు బేరమాడుతున్న ఇద్దరు కిసుక్కుమన్నారు. ఏందన్నా, అదేమన్నా నవారు మంచమా ఈడ్చడానికి? కింద మూడు ముక్కల స్లేటు రాయి. కదిపితే అతుకులు విడిపోతాయి, మళ్లీ లెవెల్ పట్టించి, పైన పరిచిన క్లాత్ విప్పి బిగించాలి. ఇదంతా చెబితే, "మాకు లైట్లే తెలుసు సార్, బల్లల సంగతి తెలీదు" అన్నాడు. ఆయన నెత్తి మీదే బోర్డు, 'బిలియర్డ్స్ లైట్లు లభించును' అని!

సరే, వాపసు తీసుకోమని చీటీ ముందు పెట్టాను. అప్పుడెత్తాడు తల. చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా మర్యాదగా అడిగాడు: "దీని మీద మా షాపు పేరెక్కడుంది సార్?"

లేదు. పైన 'ఎస్టిమేట్' అని ఉంది, కింద అంకెలున్నాయి. సంతకం కూడా లేదు. డబ్బులు పుచ్చుకున్న చేత్తోనే ఆ చీటీ మడిచి నా జేబులో పెట్టి, "జాగ్రత్తగా ఉంచుకోండి" అన్నాడు చూడండీ, ఆ నవ్వు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. డిగ్రీ చదివిన నాకు రూ.18,500 పాఠం, ఫీజు ముందే తీసుకుని మరీ చెప్పాడు.

కొనేవాళ్లు జీఎస్టీ బిల్లు లేకుండా పైసా ఇవ్వొద్దు, మోడల్ నంబరు దాని మీద రాయించుకోండి. ఫ్యాను హుక్కుని నమ్మకుండా టేబుల్ మధ్య గీతని బట్టే రెండు పాయింట్లు గుర్తు పెట్టుకుని, స్లాబుకే యాంకర్లు వేయించండి. షేడ్ అంచు ఆడే తలం నుంచి 32 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉంటే కంటికి సుఖం. బల్బులు పసుపువి కాకుండా తెల్లటి వెలుగిచ్చే 4000 కెల్విన్‌వి అడగండి. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పట్టుకుని అదే పని మీదున్నా.

ఈలోగా ఆ స్క్రూ ఊడి లైటు క్లాత్ మీద పడుతుందేమోనని టెన్షన్. కావలిలో గానీ ఒంగోలులో గానీ ఫాల్స్ సీలింగ్ పగలగొట్టకుండా స్లాబుకి బిగించే మంచి ఎలక్ట్రీషియన్ తెలిస్తే చెప్పండి.