రబ్బరు ఎరలకు ఇంట్లో చేసుకున్న పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అచ్చు: వానాకాలం కూడా గడిచాక

ఈ అచ్చులో నాకు బాగా నచ్చింది ఒక్కటే. బ్లేడు ముక్కతో గీకి ఎర ఆకారాన్ని మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ప్లాస్టర్ ఎలా కలపాలి, ఎరను సగం దాకా ఎలా ముంచాలి, రెండో సగం పోసే ముందు వేజలిన్ ఎందుకు రాయాలి, ఇవన్నీ వీడియోల్లో అందరూ చూసినవే. అవి వదిలేస్తున్నాను.

నేను గాలం వేసేది ఎక్కువగా కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే చోట. పండుగప్ప కోసం కొన్న ప్యాడిల్ టెయిల్ (తెడ్డు లాంటి తోక ఉన్న) ఎర పోటు నీటిలో బాగానే ఆడేది. పోటు ఆగి నీరు నిలబడ్డాక నెమ్మదిగా లాగితే మాత్రం తోకలో కదలిక ఉండేది కాదు. ఆ ఎరనే నమూనాగా పెట్టి అచ్చు తీశాను. తర్వాత అచ్చులో తోక గుంటను చుట్టూ గీకి కాస్త వెడల్పు చేశాను. తోకకు ముందుండే మెడ దగ్గర, గుంటల లోపల పూసే ఎపాక్సీ జిగురు ఒక పూత ఎక్కువ వేసి ఆ గుంటను సన్నం చేశాను. తోక పెద్దదైతే నీటిని ఎక్కువ పట్టుకుంటుంది, మెడ సన్నబడితే సులువుగా ఊగుతుంది. అందులో పోసిన ఎర, రీలు ఎంత మెల్లగా తిప్పినా తోక ఊపుతూ వచ్చింది. ఆ అదురు రాడ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంటే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సిలికాన్ అచ్చులో ఈ పని కుదరదు, గీకితే చిరుగుతుంది.

ఇక వానాకాలం సంగతి. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ పెట్టని అచ్చు, ముసురు పట్టిన రోజుల్లో అటక మీద నుంచి తీసి పోస్తే ఎదురు తిరిగింది. వేడి ప్లాస్టిసాల్ (ఎరలు పోసే ద్రవ ప్లాస్టిక్) లోపలికి వెళ్లగానే కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటమంది. పోసే రంధ్రంలోంచి ఒక చుక్క ఎగిరి చొక్కా చేతి మీద పడింది. పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. తీసి చూస్తే ఎర పొట్టంతా బుడగలు, తోక సగమే వచ్చింది. ఇంకోటి పోస్తే అదీ అంతే. అచ్చు పైకి చూస్తే తెల్లగా, పొడిగా ఉంది. ఎపాక్సీ పూత కూడా ఎక్కడా లేచినట్టు కనపడలేదు.

మా వీధిలో సీలింగ్ పని చేసే ఆయనకు చూపించాను. చేత్తో బరువు చూసి, "పైకి ఎండినట్టే ఉంటాది బాబూ, లోన తడి పోనేదు" అన్నారు. విషయం అదే. ప్లాస్టిసాల్ కరిగి పోయడానికి వీలుగా మారేది దాదాపు 175 డిగ్రీల దగ్గర. నీరు 100కే ఆవిరవుతుంది. పూత లేని వెనక వైపు నుంచి పీల్చుకున్న తేమ ఆవిరై గుంటలోకే వచ్చింది. పోనీ ఓవెన్‌లో పెట్టి ఆరబెడదామా అంటే, ఎక్కువ వేడి తగిలితే ప్లాస్టర్ తనలో కట్టిపడి ఉన్న నీటిని కూడా వదిలేసి సుద్దలా పొడి రాలుతుంది. ఎండ లేనప్పుడు ఫ్యాన్ కింద పెట్టి, రోజూ వంటింటి కాటా మీద తూచి, బరువు తగ్గడం ఆగాకే పోస్తున్నాను. వెనక వైపు కూడా ఎపాక్సీ పూశాను. ఆ తర్వాత చిటపటలు లేవు. కానీ ముసురు రోజుల్లో "ఈ రాత్రికి నాలుగు ఎరలు పోసుకుని తెల్లారే వెళ్దాం" అనుకునే వీలు పోయింది.

గీకే సౌకర్యానికి కూడా ఖరీదు ఉంది. గీకిన ప్రతిసారీ పూత పోతుంది, మళ్లీ పూసి గట్టిపడేదాకా ఆగాలి. వాడగా వాడగా అచ్చు అంచులు అరిగాయి. రెండు సగాల మధ్య నుంచి పల్చటి రేకు బయటికి వస్తోంది, ప్రతి ఎరకూ కత్తెర పట్టాల్సిందే. పోసే రంధ్రం దగ్గర పెచ్చు కూడా ఊడింది. చివరికి నాకు నచ్చిన ఎరనే నమూనాగా పెట్టి కొత్త అచ్చు పోశాను. ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది కాబట్టి ఈ అచ్చులో వచ్చే ఎర వెంట్రుకవాసి చిన్నది. పండుగప్ప దాన్నేమీ పట్టించుకోలేదు.

నాకు డాబా మీద ఎండ ఉంది, గాలి ఆడే చోటు ఉంది. ఆ గాలి చాలా ముఖ్యం. ప్లాస్టిసాల్ మాడితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, వంటింట్లో ఆ పని పెట్టుకోకూడదు, వంట గిన్నెలు అసలు వాడకూడదు. తోకలు తెగిన పాత ఎరలను నేను మళ్లీ కరిగించి వాడతాను కాబట్టి ఖర్చు కూడా కలిసొచ్చింది, అయితే పదేపదే వేడి చేస్తే రంగు పచ్చబడుతుంది. మీ దగ్గరున్న ఎర ఆకారం ఇప్పటికే మీకు నచ్చి, అలాంటివే బోలెడు కావాలంటే సిలికాన్‌కే డబ్బు పెట్టండి. ఏ తోక మీ నీటికి సరిపోతుందో ఇంకా వెతుకుతుంటే ప్లాస్టర్‌తో మొదలుపెట్టండి, వీలైతే మార్చిలో.