ఛాతీ కండా, ముంజేతి చర్మమా: నోటి క్యాన్సర్ ఆపరేషన్‌లో ఏది మేలు?

విశాఖలో నోటి క్యాన్సర్ అనగానే కేజీహెచ్, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గుర్తుకొస్తాయి. గడ్డ తీసేశాక బుగ్గలోనో నాలుకలోనో మిగిలే ఖాళీని పూడ్చడం మరో పెద్ద పని. అందుకు రక్తనాళంతో సహా మరోచోటి నుంచి తెచ్చే చర్మమే ఫ్లాప్.

1979లో అమెరికా సర్జన్ ఏరియన్ వివరించిన ఛాతీ ఫ్లాప్‌లో చర్మాన్ని, కింది కండను దాని రక్తనాళం తెగకుండానే మెడ మీదుగా నోటి వరకు తిప్పుతారు. సూక్ష్మదర్శిని అక్కర్లేదు, సమయమూ తక్కువ. మెడలోని పెద్ద ధమనికి ఆ కండ రక్షణ కవచం కూడా. అయితే అది దళసరి. మెడ లాగినట్టుంటుంది, మగవారికైతే నోట్లో వెంట్రుకలు మొలవవచ్చు, ఆడవారికి రొమ్ము ఆకారం మారుతుంది.

ముంజేతి చర్మం పలుచన, మెత్తన. నాలుకలో కొంత భాగం పోయినవారికి నా ఓటు దీనికే. మిగిలిన నాలుక స్వేచ్ఛగా కదిలితేనే మాట స్పష్టంగా వస్తుంది. దీన్ని బొటనవేలి వైపు ధమనితో సహా తీస్తారు కాబట్టి ముందుగా చేతిని పరీక్షిస్తారు. పిడికిలి బిగించమని మణికట్టు దగ్గర రెండు ధమనులనూ నొక్కుతారు. పిడికిలి తెరిస్తే అరచెయ్యి పాలిపోయి ఉంటుంది. చిటికెన వేలి వైపు ధమనిని వదిలిన కొన్ని క్షణాల్లో ఎరుపు తిరిగి వస్తే ఆ చెయ్యి పనికొస్తుంది. తర్వాత ఫ్లాప్‌లోని రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను సూక్ష్మదర్శినిలో చూస్తూ మెడలోని నాళాలకు కుట్టాలి. అసలు పరీక్ష మొదటి రెండు మూడు రాత్రులది: ఫ్లాప్ నీలబడితే సిర మూసుకున్నట్టు, పాలిపోతే ధమని. గంటగంటకూ చూసే సిబ్బంది, అర్ధరాత్రి మళ్లీ థియేటర్ తెరిచే ఏర్పాటు లేనిచోట దీనికి ఒప్పుకోవద్దంటాను.

షుగరు, గుండెజబ్బు ఉండి సుదీర్ఘమైన మత్తు తట్టుకోలేని పెద్దాయనకు బుగ్గ లోపలి నుంచి బయటి చర్మం దాకా పోతే ఛాతీ ఫ్లాపే మేలు. దాన్ని పాతకాలపు వైద్యమని చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. దవడ ఎముక ముందు భాగం పోతే మాత్రం ఈ రెండూ చాలవు, కాలి పిక్క ఎముక తేవాల్సిందే.

ఇక మన తీరంలో అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పును నోట్లోకి పెట్టుకుని కాల్చే అవ్వలకు అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. తీశాక రంధ్రం చిన్నదైతే ఫ్లాప్ లేకుండా, పళ్ల సెట్టులాంటి ప్లేటుతో మూయవచ్చు. జబ్బు తిరగబెట్టిందేమోనని డాక్టరు చూడాలంటే ప్లేటు తీస్తే చాలు.