గోపాల్‌పూర్ వెళ్తే బీచ్ ఒక్కటే చూసి వచ్చేయకండి

ఒడిశాలోని మా బరంపురం వాళ్ళకి గోపాల్‌పూర్ అంటే ఆదివారం సాయంత్రం ఇసకలో కాసేపు కూర్చుని మిక్చర్ తిని వచ్చేయడమే, 16 కిలోమీటర్లే కదా మరి. ఈసారి పర్లాకిమిడి నుంచి పిన్ని వాళ్ళొస్తే తెల్లారకుండానే తీసుకెళ్ళా. మీరూ పొద్దున్నే వెళ్ళండి, ఊరు అసలు అప్పుడే చూడాలి.

పడవలు ఒడ్డుకొచ్చే టైం అది. వలలోంచి చేపలు విడదీస్తూ అరుచుకునేదంతా తెలుగే, ఆంధ్ర తీరం నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడ్డ వాడబలిజలు, అంటే చేపలు పట్టే కులం వాళ్ళు వీళ్ళు. ఒక పెద్దావిడ కోనాం చేప మొప్ప ఎత్తి, "సూడమ్మా ఎంతెర్రగుందో, ఇప్పుడే దిగింది" అంది పిన్నితో, ఇంక బేరం ఎక్కడ ఆడుతుంది, తీసేసుకుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది పాత రేవు. ఒడ్డున పాత గోడలు, స్తంభాలు కొన్ని మిగిలాయి, ఉప్పుగాలికి పైపూత రాలిపోయి లోపలి ఇటుకలు బయటపడ్డాయి, చేత్తో రాస్తే పొడి రాలుతుంది. ఒకప్పుడు ఇక్కణ్ణుంచే ఓడలెక్కి ఈ గంజాం జిల్లా జనం, శ్రీకాకుళం వైపు జనం కూలికి రంగం వెళ్ళేవాళ్ళు, అదే బర్మాలోని రంగూన్. పిన్ని వాళ్ళ మామగారి నాన్న కూడా అలా వెళ్ళినాయనేనట, ఆవిడ ఆ గోడ దగ్గర నిలబడి చాలాసేపు కదల్లేదు. 1942లో జపాన్ వాళ్ళు రంగూన్ పట్టుకున్నాక ఆ దారే మూసుకుపోయింది. ఇంత కథ ఉన్న చోట నాకైతే వివరం చెప్పే బోర్డు ఒక్కటీ కనపడలేదు, చాలా బాధేసింది. ఒడియాలో, తెలుగులో రెండు ముక్కలు రాసి పెడితే పిల్లలకి తెలుస్తుంది కదా, 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేదని కూడా చాలామందికి తెలీదు.

లైట్‌హౌస్ సాయంత్రం పూట ఎక్కనిస్తారు, టైం ముందే కనుక్కోండి, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. 1914లో ఒక ఇటలీ ఆయన కట్టించిన పామ్ బీచ్ హోటల్ ఇప్పటికీ నడుస్తోంది, మేం బయట నుంచే చూశాం.

తిండికి మాత్రం పేరున్న చోటే అక్కర్లేదు. మేం కూర్చున్న పెద్ద హోటల్లో చేప ఎప్పటిదో, మసాలాతో కప్పేశారు, బిల్లు మాత్రం ఘనంగా వచ్చింది. సాయంత్రం ఒడ్డున బండి మీద తిన్న రొయ్యల వేపుడు దానికి పదింతలు నయం.

సముద్రంలో దిగేటప్పుడు జాగ్రత్త, ఇక్కడ ఒడ్డు దాటగానే లోతు, కెరటం వెనక్కి లాగేస్తుంది, పిల్లల్ని పాదాలు తడిసేంత వరకే వదలండి. ఫిబ్రవరి, మార్చిలో వచ్చేవాళ్ళు రుషికుల్య నది కలిసే చోట తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తున్నాయేమో కనుక్కుని వెళ్ళండి, టార్చిలైట్లు, ఫోన్ ఫ్లాష్‌లు మాత్రం వేయకండి దయచేసి.