‘ఎన్ని మొక్కలైనా ఒకటే కొరియర్ చార్జీ’ అనే అమ్మకందారుతో జాగ్రత్త

మిద్దెతోట పెంచేవారికి, ముఖ్యంగా వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఫొటోలు చూసి మొక్కలు తెప్పించుకునేవారికి ఈ హెచ్చరిక. కడియం నర్సరీ అని చెప్పుకుంటూ, ‘ఐదు మొక్కల దాకా కొరియర్ చార్జీ 180 రూపాయలే, అన్నీ కలిపి ఒకే పెట్టెలో పంపుతాం’ అని ప్రకటనలు పెట్టే అమ్మకందారు ఒకడున్నాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. రాసినా పెద్ద లాభం ఉండదు, ఇలాంటి పేజీలకు పేరు మార్చుకోవడం ఒక పూట పని. అతను డబ్బు లాగే పద్ధతి మాత్రం వివరంగా చెబుతాను. అది తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టుకోవచ్చు.

అమలాపురంలో ఉండి కడియం మొక్కను కొరియర్‌లో తెప్పించుకోవడం ఏమిటని మా ఇంట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటితే జాతీయ రహదారి మీద కడియం నర్సరీలుండే కడియపులంక ఎంతో దూరం లేదు. మామూలు మందారాలకు, గులాబీలకు, క్రోటన్లకు నేనూ అక్కడికే వెళ్తాను. కానీ ముద్దపూల అడీనియం, నీలం కలువ దుంప, రంగురంగుల రెయిన్ లిల్లీలు ఒకే నర్సరీలో దొరకవు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోట తిరగాలి. ఇతని పేజీలో అన్నీ ఒకచోటే కనిపించాయి. కలిపి పంపుతానన్న మాట కూడా ఉంది. చిన్నచిన్న దుంపలు కొనేవారికి ఆ మాటే ముఖ్యం. తొంభై రూపాయల దుంపలకు నూట ఇరవై రూపాయల కొరియర్ కట్టాలంటే ఎవరికి మనసొప్పుతుంది?

ముందు రెండు అడీనియంలు చెప్పాను. వాటి వెలతో పాటు కొరియర్ కింద 180 రూపాయలు కట్టించుకున్నాడు. ‘ఇంకా ఏమైనా కావాలంటే చూసుకోండి మేడమ్, మీ పెట్టె పక్కన పెట్టి ఉంచుతాం’ అన్నాడు. రెయిన్ లిల్లీ దుంపలు అడిగితే బిల్లులో మళ్లీ 120 కొరియర్ వేశాడు. ఇదేమిటని అడిగాను. ‘సిస్టంలో అలాగే పడుతుంది మేడమ్, చివరికి అన్నీ కలిపినప్పుడు ఎక్కువ తీసుకున్నది తిరిగి వేస్తాం’ అని రాసి పంపాడు. ఆ సందేశం నా దగ్గర భద్రంగా ఉంది. కలువ దుంపకు 150, మందారానికి 220 కూడా ఇదే హామీ మీద వసూలు చేశాడు. అన్నీ కలిపి కొరియర్ కింద 670 రూపాయలు. పంపే ముందు ‘పెట్టె, ప్యాకింగ్’ అంటూ ఇంకో వంద. ఈ వంద గురించి ప్రకటనలో ఒక్క అక్షరం లేదు. ఇవ్వకపోతే పెట్టె కదలదన్నాడు, అప్పటికే మొత్తం డబ్బు అతని చేతిలో ఉంది.

దీని మర్మమంతా ఇక్కడే ఉంది. నిజంగా కలిపి పంపేవాడు కొరియర్ చార్జీ చివర్లో ఒకసారి తీసుకుంటాడు. ప్రతి వస్తువుకూ ముందే కట్టించుకుని తర్వాత తిరిగిస్తానన్నవాడి దగ్గర ఆ ‘తర్వాత’ రావడం అతని దయ మీద ఆధారపడుతుంది. మనం తిరిగి అడగాల్సింది నాలుగైదు వందలు. అంత చిన్న మొత్తం కోసం ఎవరు వెంటపడతారులే అన్నదే అతని ధీమా.

ఆ తర్వాత చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా అడిగితే ‘గోదావరికి వరద వచ్చింది మేడమ్, బండ్లు కదలడం లేదు’ అన్నాడు. ఈ మాట హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నవారితో అంటే నమ్ముతారేమో. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని, 13 లక్షలకు రెండోదని, 17 లక్షలకు మూడోదని కోనసీమలో బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజుకి మొదటి హెచ్చరికే లేదు. వరద పెరిగితే ముందు మునిగేవి లంక గ్రామాల కాజ్‌వేలు. జాతీయ రహదారి మీద బస్సులూ లారీలూ మామూలుగానే తిరుగుతున్నాయి. ట్రాకింగ్ నంబరు ఇవ్వమంటే ఇచ్చాడు. చూస్తే పార్సిల్ అప్పటికి బుక్కే కాలేదు, నంబరు మాత్రం తీసి పెట్టుకున్నాడు.

చివరికి వచ్చాయి. ఒకటి కాదు, మూడు పెట్టెలు, మూడు వేర్వేరు రోజుల్లో. మొదటి దానిలో అడీనియంలూ కలువ దుంపా కలిసే ఉన్నాయి. ఈ రెండింటికీ కలిపి అతను తీసుకున్న కొరియర్ 330 రూపాయలు. అంటే విడిగా పంపినవాటికే కాదు, కలిపి పంపినదానికీ విడివిడి చార్జీయే! పెట్టె మీది చీటీలో పంపినవారి పిన్‌కోడ్ చూశాను. కడియం అయితే 533తో మొదలవ్వాలి. ఇది కనీసం 5తో కూడా మొదలు కాలేదు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలు మూడింటికీ మొదటి అంకె 5 కాబట్టి ఆ పెట్టె ఈ మూడు రాష్ట్రాల్లో ఎక్కడి నుంచీ రాలేదన్నమాట. కడియం అనేది ప్రకటనలో పేరుకే. ఇక్కడి నర్సరీల మీద ఉన్న నమ్మకాన్ని ఎవరో దూరాన కూర్చుని అమ్ముకుంటున్నారు. నాకు డబ్బు పోయినదాని కన్నా ఇదే ఎక్కువ కోపం తెప్పించింది.

మొక్కల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. అడీనియంలు బాగున్నాయి. వాటి లావుపాటి కాండంలో నీరుంటుంది కాబట్టి మట్టి లేకుండా కాగితంలో చుట్టి పంపినా కొన్నాళ్లు తట్టుకుంటాయి. కలువ దుంప మొలకెత్తింది. రెయిన్ లిల్లీ దుంపలను తడి కొబ్బరి పొట్టులో పెట్టి ప్లాస్టిక్ సంచిని గాలి ఆడకుండా బిగించి కట్టాడు. విప్పేసరికి కుళ్లు వాసన. మందారం అంటు కట్టినచోటే విరిగి ఉంది. కర్ర ఊతం లేదు, కవరులోని ఎర్రమట్టి ముద్ద పెట్టెలో అటూ ఇటూ దొర్లి కొమ్మ మీద పడింది.

పార్సిల్ విప్పుతూ వీడియో తీయాలన్నది అతని నిబంధన. తీశాను. పంపితే ‘వీడియోలో చీటీ సరిగ్గా కనపడలేదు’ అన్నాడు. చీటీ కనపడుతున్న భాగాన్ని విడిగా పంపాను. ‘మధ్యలో కత్తిరించారు’ అన్నాడు. పూర్తి వీడియో పంపితే ‘మొక్క మీ ఇంట్లో విరిగి ఉంటుంది’ అన్నాడు. ఇక కొరియర్ డబ్బు అడిగితే తదుపరి కొనుగోలులో తగ్గిస్తాడట. మళ్లీ కొంటేనే నా డబ్బు నాకు!

అక్కడితో ఆగినా బాగుండేది. నా సందేశాల స్క్రీన్‌షాట్లు, పేరు, ఫోను నంబరుతో సహా అతని గ్రూపులో పెట్టి ‘ఇలాంటి గొడవ కస్టమర్లను ఎలా భరించాలో చెప్పండి’ అని రాశాడు. నన్ను గ్రూపు నుంచి తీసేశాడు. ఆ గ్రూపులో ఉన్న పాలకొల్లు స్నేహితురాలు చూసి చెబితేనే నాకు తెలిసింది. తర్వాత ఆరా తీస్తే, లెక్క అడిగిన వాళ్లందరికీ ఇదే మర్యాద జరిగిందని తేలింది. అందుకే ఆ గ్రూపులో ఎప్పుడు చూసినా పొగడ్తలే కనపడతాయి. అడిగేవాళ్లు ఎవరూ మిగలరు కదా.

గొడవ పెట్టే కొనుగోలుదారులు లేరని నేననను. మా తోడికోడలు నరసాపురంలో లేసు అల్లికలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అల్లిక అది. ఆమె కష్టాలు వింటే జాలేస్తుంది. ఒకావిడ రోజుకో ముక్క చొప్పున ఎంచి ‘పక్కన పెట్టండి’ అంటుందట, నెల తర్వాత ‘అన్నీ వద్దు, ఒక్కటి చాలు’ అంటుందట. అందినది అందలేదనేవారు, వాడి ఉతికిన టేబుల్ గుడ్డను తిరిగి పంపేవారు కూడా ఉన్నారు. ఆమె దీనికి ఒక కట్టుబాటు పెట్టుకుంది. సోమవారం నుంచి శనివారం దాకా ఎంచుకున్నవి ఒక కట్ట. శనివారం సాయంత్రం కవరులో పెట్టి వంటింటి త్రాసు మీద తూస్తుంది. త్రాసు ఫొటో, పోస్టల్ చార్జీ, సరుకు వెల ఒకే చీటీ మీద రాసి పంపుతుంది. అప్పుడే డబ్బు తీసుకుంటుంది. ఆదివారం లోపు కట్టకపోతే ముక్కలు మళ్లీ అమ్మకానికి వెళతాయి. ‘ముందే ఖచ్చితంగా చెబితే సగం తగాదాలు పుట్టవు అక్కా’ అంటుంది. అడిగిన ప్రతివారినీ గొడవ మనిషి అని ముద్ర వేస్తే ఆమె వ్యాపారం వారం నడవదు.

కలిపి పంపితే నిజంగా ఎంత మిగులుతుందో కూడా తెలుసుకోవాలి, లేకపోతే ఎవరేం చెప్పినా నమ్మాల్సి వస్తుంది. చాలా కొరియర్ సంస్థలు అసలు బరువు, పెట్టె పరిమాణం బట్టి వేసే బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం సాధారణ లెక్క. 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టె 1.8 కిలోలు అవుతుంది. అలాంటివి మూడంటే 5.4 కిలోలు. అదే సరుకును 40, 20, 20 పెట్టెలో సర్దితే 3.2 కిలోలే. కానీ బద్ధకించి 60, 30, 30 పెట్టెలో పడేస్తే 10.8 కిలోలకు చార్జీ పడుతుంది, విడిగా పంపినదానికి రెట్టింపు. కాబట్టి కలపడం ప్రతిసారీ చవక కాదు, మట్టితో వచ్చే మందారాన్ని దుంపలతో కలపనని ఎవరైనా ముందే చెబితే అది సబబే. ముందు కలుపుతానని చెప్పి, డబ్బు కట్టించుకుని, తర్వాత ‘వేర్వేరు నర్సరీల నుంచి వస్తాయి మేడమ్’ అనడం మాత్రం సబబు కాదు.

చట్టం సంగతి. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం అమ్మకందారు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి, డెలివరీ, పోస్టేజీ, ప్యాకింగ్ లాంటి చార్జీలన్నీ అందులో విడదీసి చెప్పాలి. కొనేటప్పుడు ఒక ధర చూపి దశలవారీగా పెంచుకుంటూ పోవడాన్ని 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే పద్ధతులు) మార్గదర్శకాలు ‘డ్రిప్ ప్రైసింగ్’ పేరుతో నిషేధించాయి. ఇంట్లో పెరిగిన పిలకను ఎప్పుడో ఒకసారి అమ్ముకునేవారికి ఈ-కామర్స్ నిబంధనలు వర్తించవు, రోజూ వ్యాపారంగా చేసేవారికి వర్తిస్తాయి. ఇతను రోజూ అమ్ముతాడు.

ఈ నిబంధన సంగతి అతనికి రాతపూర్వకంగా పంపాను. ఏమనుకున్నాడో గానీ, కుళ్లిన దుంపల కొరియర్ 120 రూపాయలు ఆ సాయంత్రమే వచ్చి పడ్డాయి. మాటా లేదు, సంజాయిషీ లేదు. ఇంకా న్యాయమైన 180 పోగా మిగిలిన కొరియర్ 370 రూపాయలు, ప్యాకింగ్ వంద, పాడైన మొక్కల వెల రావాలి. యూపీఐలో మనమే పిన్ కొట్టి పంపిన డబ్బును సరుకు బాగాలేదని బ్యాంకు వెనక్కి తీసి ఇవ్వదు. అందుకే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉన్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి కమిషన్ రుసుము లేదు. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వెళ్లాలి.

అతని దగ్గర ఇప్పటికే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారు బిల్లులు, చార్జీ తిరిగిస్తానన్న సందేశాలు, పెట్టెల మీది చీటీల ఫొటోలు ఇప్పుడే దాచుకోండి. గ్రూపు నుంచి తీసేశాక కొన్ని దొరకవు. మీ మొక్కలు ఇంకా బయలుదేరకపోతే కొత్తగా ఏదీ చేర్చకండి, ఎంత ఊరించినా సరే. పంపినవారి పూర్తి చిరునామా, పెట్టె కొలతలు, మొత్తం చార్జీ ఒకే సందేశంలో అడగండి. డబ్బు ఇంకా కట్టనివారు, ఖాతాదారు పేరు, నర్సరీ పేరు ఒకటేనో కాదో యూపీఐ తెరమీద చూడండి. నా విషయంలో రెండింటికీ పోలిక లేదు.

శ్రావణమాసం ఆఫర్ అంటూ అతను మళ్లీ కొత్త ప్రకటన పెట్టాడని పాలకొల్లు నుంచి కబురొచ్చింది. ఈసారి ‘ఎనిమిది మొక్కల దాకా ఒకటే చార్జీ’ అట.