కింగ్ 1000/6000 సానరాయి, రెండు మడత చాకులు: చాలాకాలం వాడాక

కింగ్ కేడబ్ల్యూ-65 జపాన్ రాయి. గోధుమ రంగు పక్క 1000 గరుకు, తెల్లటి పక్క 6000. అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నం. పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, వెడల్పు 6, మందం రెండున్నర. కింద ప్లాస్టిక్ పీట ఇస్తారు. ఎక్కువగా వాడింది రెండు చాకుల మీద: విక్టోరినాక్స్ 91 మిల్లీమీటర్ల స్విస్ చాకు, కార్బన్ స్టీలు ఒపినెల్ నంబర్ 8. సెలవు రోజు తీరిగ్గా కూర్చుని చేతులతో పని చేసుకోవాలనుకునేవాళ్లకి ఇది చాలా మంచి రాయి. పని త్వరగా తెమలాలంటే మాత్రం ఇంకోటి చూసుకోవాలి.

హాయిగా ఉండటానికి కారణం రాయి మెత్తదనమే. నూరుతుంటే పై రేణువులు ఊడి, నీళ్లతో కలిసి సన్నటి బురద అవుతుంది. కోణం సరిగ్గా కుదిరినప్పుడు చెయ్యి మెత్తగా పట్టినట్టు ఉంటుంది, చప్పుడు ఒకే తీరుగా వస్తుంది. చెయ్యి కాస్త లేస్తే చప్పుడు కీచుమంటుంది. ఆ బురదని కడిగేయకండి, కోత దానిలోనే ఉంది. ఆరిపోతుంటే నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలు.

నానబెట్టడంలో జాగ్రత్త కావాలి. 1000 పక్కకి బుడగలు ఆగేదాకా, అంటే 5 నుంచి 10 నిమిషాలు నీళ్లు కావాలి. 6000 పక్కకి పైన చల్లితే సరిపోతుంది. అందుకని పళ్లెంలో రాయి సగం మందం వరకే నీళ్లు పోసి, గోధుమ పక్కని కిందికి పెట్టాలి. రాత్రంతా నీళ్లలో వదిలేస్తే తెల్ల పక్క మెత్తబడి పగుళ్లిస్తుంది. ఎండలో ఆరబెట్టినా అంతే. చలిదేశాల్లో ఉన్న మనవాళ్లు తడిరాయిని గరాజ్‌లో పెట్టకూడదు, లోపలి నీరు గడ్డకట్టి రాయి చీలుతుంది.

ఇక కోణం. కంటి అంచనాతో 15, 20 డిగ్రీలు పట్టడం కొత్తవాళ్లకి కుదరదు. స్కేలుతో చాకు వెడల్పు కొలిచి 0.26తో హెచ్చిస్తే 15 డిగ్రీలకి, 0.34తో హెచ్చిస్తే 20 డిగ్రీలకి చాకు వీపు (పదును లేని మందపాటి పక్క) రాయి మీద నుంచి ఎంత ఎత్తులో ఉండాలో తెలుస్తుంది. 13 మిల్లీమీటర్ల వెడల్పుంటే 20 డిగ్రీలకి సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు. ఆ ఎత్తుకి రూపాయి బిళ్లలు దొంతరగా పేర్చి, వీపుని దాని మీద ఆనించి చూసుకుని, ఆ ఒరుగుని చేతికి గుర్తుపట్టించాలి. అంచుకి రెండు పక్కలా మార్కర్ రాసి నాలుగు సార్లు నూరి చూడండి. ఇంకు అంచు చివర మిగిలితే వీపు మరీ కిందికి ఉంది. అంచు దగ్గర మాత్రమే పోయి పైన మిగిలితే వీపు మరీ పైకి లేచింది. మొన దగ్గరకొచ్చేసరికి చాకు వంపు తిరుగుతుంది కాబట్టి పిడిని కొద్దిగా పైకెత్తాలి. ఎత్తకపోతే మొన ఎప్పటికీ మొద్దుగానే ఉంటుంది. చాలామంది చాకుల్లో నేను చూసే లోపం ఇదే.

నూరేటప్పుడు చేత్తో నొక్కే బరువు విషయానికొస్తే, వంటింటి తూకం మీద రాయిని పెట్టి ఒకసారి నొక్కి చూసుకోవడం మంచి అలవాటు. మొదట్లో కిలో దాకా నొక్కినా ఫర్వాలేదు, ఆఖర్లో 200 గ్రాములు దాటకూడదు.

ఒక పక్క నూరుతున్నకొద్దీ అంచు చివర లోహం పల్చబడి రెండో పక్కకి మడత పడుతుంది. దాన్ని బర్ అంటారు. బొటనవేలిని వీపు వైపు నుంచి అంచు దాటించి బయటికి జారిస్తే సన్నగా తగులుతుంది. అంచు పొడవునా వేలు నడపకండి, కోసుకుంటుంది. మడమ (పిడి దగ్గరి అంచు) నుంచి మొన దాకా బర్ తగిలేదాకా పక్క మార్చకూడదు. తర్వాత రెండో పక్క అంతే. అక్కడి నుంచి పక్కకి అయిదుసార్లు, తర్వాత మూడుసార్లు, ఆఖర్లో ఒకసారి చొప్పున, ప్రతిసారీ బరువు తగ్గిస్తూ నూరాలి. పదును పెట్టిన రోజు కాగితం జర్రున కోసి, ఒక్క పుల్ల చెక్కగానే మొద్దుబారిందంటే బర్ ఊడలేదన్నమాట. విక్టోరినాక్స్ స్టీలు గట్టిదనం 56 హెచ్‌ఆర్‌సీ (లోహం గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ కొలత), అంటే కాస్త మెత్తన, అందుకే బర్ ఊడకుండా అటూ ఇటూ ఊగుతుంది. వీపుని ఇంకో రెండు డిగ్రీలు లేపి పక్కకి ఒక్కొక్క తేలికపాటి దెబ్బ వేస్తే పోతుంది. తర్వాత తోలు బెల్టు లోపలి పక్కన, వీపు ముందు నడుస్తూ, ఓ పదిసార్లు రుద్దాలి. దీపం కింద అంచుని మీ వైపు తిప్పి చూడండి. మెరుపు చుక్క కనిపించిన చోటల్లా ఇంకా మొద్దుగా ఉన్నట్టే.

6000 పక్క మీద వీపు ముందుండేలా లాగడమే మేలు. అంచుని ముందుకు తోస్తే మొన రాయిలో దిగబడి గంటు పడుతుంది. అటు మారేముందు చాకునీ చేతుల్నీ కడుక్కోవాలి, ముతక రేణువు ఒక్కటి వచ్చినా అద్దంలాంటి అంచు మీద గీతలు పడతాయి.

ఈ రాయికి పెద్ద లోపం గుంట పడటం. చిన్న చాకుని ఒకేచోట నూరితే మధ్యభాగం త్వరగా అరుగుతుంది, అప్పుడు కోణం మీ చేతిలో ఉండదు. పెన్సిల్‌తో గళ్లు గీసి, గ్రానైట్ గట్టు మీద 220 వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి పరిచి, గళ్లన్నీ చెరిగేదాకా రాయిని రుద్దాలి. ఆ తర్వాత బ్రష్‌తో కడగడం మానొద్దు. రాయి మూలలన్నీ కలిసొచ్చేలా నూరితే ఈ పని తక్కువసార్లు పడుతుంది.

అంచు పళ్లు లేచిన చాకుకి, ఆయుధపూజకి బయటికి తీసే కత్తిపీటకి ఇది చాలదు. 1000తో అరగదీయాలంటే గంటలు పడుతుంది. వాటికి హార్డ్‌వేర్ కొట్లో దొరికే ముతక కార్బొరండం రాయే సరి. చాకుని గాడిలో పెట్టి లాగే సాధనాల జోలికి మాత్రం పోవద్దు, లోహాన్ని చీరేసి అంచుని రంపం చేస్తాయి.

పనయ్యాక విక్టోరినాక్స్ కీలుని గోరువెచ్చని నీళ్లలో తెరుస్తూ మూస్తూ కడిగి, ఆరాక ఒక చుక్క మినరల్ ఆయిల్ వేయాలి. లోపల బురద ఉండిపోతే కీలే అరుగుతుంది. దానికి తాళం లేదు కాబట్టి వేళ్లు మడత దారిలో పెట్టకండి. ఒపినెల్‌కి ఉంగరం తిప్పి బిగించుకోవచ్చు, కానీ కర్ర పిడి నీరు తగిలితే ఉబ్బి చాకు తెరుచుకోదు. దాన్ని కడగకుండా తుడవాలి. కార్బన్ స్టీలు తడిగా వదిలితే నిమిషాల్లోనే తుప్పు మరక కనిపిస్తుంది.

విక్టోరినాక్స్ ఒక్కటే ఉన్నవాళ్లు 6000 కోసం డబ్బు పెట్టక్కర్లేదు. టమాటా తొక్క, తాడు లాంటివి 1000 మీద ఆపి తోలు మీద రుద్దిన అంచుకే బాగా తెగుతాయి, 6000 అంచు వాటి మీద జారుతుంది. పుల్లలు చెక్కే సరదా, చేతిలో కార్బన్ ఒపినెల్ ఉన్నవాళ్లకి మాత్రం రెండు పక్కలూ పనికొస్తాయి.