కాకినాడలో ఒక బ్లడ్ బ్యాంకు: శాంపిల్ వెనక్కి పంపినందుకు తిట్టుకున్నాం, నాలుగు స్టార్లు ఇస్తున్నాం

బ్లడ్ బ్యాంకు పేరు రాయట్లేదండి, ఎందుకంటే మెచ్చుకునేదానితో పాటు తిట్టేది కూడా ఉంది.

మా చెల్లిది బి నెగెటివ్. అత్తారిల్లు ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. 36 వారాలకే ఆపరేషన్ చేసేద్దాం, ముందురోజే బి నెగెటివ్ బ్యాగు ఒకటి రెడీ పెట్టుకోండి అన్నారు డాక్టరుగారు. మా మరిది శాంపిల్ ట్యూబు పట్టుకుని వెళ్తే కౌంటర్లో మేడం ట్యూబు చూసి, కాయితం చూసి, మళ్ళీ ట్యూబు చూసి "ఇది తీసుకోనండి" అన్నారంట. ట్యూబు మీద మా పుట్టింటి ఇంటిపేరు, కాయితం మీద వాళ్ళ అత్తింటి ఇంటిపేరు. అంతే తేడా. మనిషి ఒక్కత్తేనండి, పెన్నుతో దిద్దేత్తాను ఇలా ఇవ్వండంటే ఒప్పుకోలేదు, దిద్దిన ట్యూబు మాకు పనికిరాదు, పేషెంటు దగ్గరికెళ్ళి పేరు అడిగి కొత్తగా తీసి అక్కడే లేబుల్ వేసి పంపమనండి అని వెనక్కి పంపేసింది. మావాడు ఆ ఎండలో రెండు ట్రిప్పులు తిరిగొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు, నేనూ కూడా కలిపి తిట్టాను, అబద్ధమెందుకు.

తర్వాత ఒక నర్సమ్మ చెప్పిందండి, రక్తం ఎక్కించాక గ్రూపు తేడా వచ్చి మనిషి ప్రాణం మీదకొచ్చే రియాక్షన్లలో ఎక్కువ శాతం ల్యాబులో టెస్టు తప్పడం వల్ల కాదంట, ఒకళ్ళ శాంపిల్ ఇంకొకళ్ళ పేరు మీద వెళ్ళడం, ఒకళ్ళ బ్యాగు పక్క మంచం మీదావిడకి తగిలించడం, ఇలాంటి కాయితాల తప్పులేనంట. A గ్రూపు మనిషికి B గ్రూపు రక్తం పడితే వొంట్లో రెడీగా ఉన్న యాంటీబాడీలు ఆ కణాల్ని అక్కడికక్కడే పగలగొట్టేస్తాయి, నడుం నొప్పి, మూత్రం ఎర్రగా రావడం, బీపీ పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం. ఒక్క ఇంటిపేరు దగ్గర ఆ కౌంటర్ మేడం ఎందుకు పట్టుబట్టిందో అప్పుడు బుర్రకెక్కింది.

అసలు చెల్లికి ఇంత తిప్పలు ఎందుకొచ్చిందంటే అది వేరే చోట జరిగిన పాపం, అది కూడా చెప్పాలి. రెండేళ్ళ క్రితం మూడో నెల దాటాక గర్భం పోయింది, ఒక నర్సింగ్ హోములో క్లీన్ చేసి పంపించేశారు. నెగెటివ్ గ్రూపని వాళ్ళ కేసు షీటు మీద ఎర్ర ఇంకుతో రాసుంది, నేను చూశాను. యాంటీ డి మాత్రం వెయ్యలేదు. రెండు మూడు వేల ఇంజెక్షనండి! మామూలుగా తల్లి నెగెటివ్ తండ్రి పాజిటివ్ అయితే 28 వారాలకి ఒకటి, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల లోపు ఇంకొకటి వేస్తారు, గర్భం పోయినప్పుడూ, మధ్యలో బ్లీడింగ్ అయినప్పుడూ కూడా అడగాలి. బిడ్డ రక్తం కాస్త తల్లిలోకి కలిస్తే తల్లి వొళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపట్టేలోపే ఆ కణాల్ని తుడిచేసేది ఆ ఇంజెక్షను. ఒకసారి వొళ్ళు గుర్తుపట్టేసి సొంతంగా యాంటీబాడీలు తయారుచేసుకుందా, ఇక ఎన్ని యాంటీ డిలు వేసినా లాభం లేదు. చెల్లికి అదే అయింది, ఈసారి ఐదో నెల్లో ఐసీటీ టెస్టు (తల్లి రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది) పాజిటివ్ వచ్చింది. (ఆ మందు రక్తదాతల ప్లాస్మా నుంచే తీస్తారంట. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అని ఒకాయన 1173 సార్లు ఇచ్చాడు, 2025లో పోయారు. ఇక్కడేమో మా పెదనాన్న కొడుకు ఒక్కసారి ఇమ్మంటే కళ్ళు తిరుగుతాయంటాడు.)

అక్కణ్ణుంచి రెండు వారాలకోసారి ఎదుర్లంక బ్రిడ్జి దాటి యానాం మీదగా కాకినాడ స్కానింగుకి. బిడ్డ తలలో రక్తం ఎంత వేగంగా పారుతుందో చూసేవారు, లోపల రక్తం పల్చబడితే వేగం పెరుగుద్దంట. ఇంట్లో మాత్రం అత్తగారి తరఫువాళ్ళు మేనరికం చేసుకోబట్టే ఇలా అయిందని ఒకటే గోల. మేనరికానికీ దీనికీ సంబంధం లేదండీ, బయట సంబంధం చేసుకున్నా తల్లి నెగెటివ్ బిడ్డ పాజిటివ్ అయితే ఇదే కథ.

సరే బ్లడ్ బ్యాంకు సంగతి. ఆపరేషనయ్యాక చెల్లికి హిమోగ్లోబిన్ ఏడుకి పడిపోయి బ్యాగు పెట్టారు. ఇద్దరు నర్సులు పక్కన నిలబడి నీ పేరేంటమ్మా అని దాన్నే అడిగి, బ్యాగు నంబరు పైకి చదివి అప్పుడు మొదలెట్టారు, మొదటి పావుగంట బాగా నెమ్మదిగా. అరగంటకి చలి అంది. దుప్పటి కప్పాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం ఊగిపోతుంది. నర్సు పరిగెత్తుకొచ్చి ముందు బ్యాగు ఆపేసి, పైపుతో సహా తీసేసి, కొత్త పైపుతో సెలైన్ పెట్టి, మళ్ళీ శాంపిల్ తీసి, ఆ మిగిలిన బ్యాగుని కూడా బ్లడ్ బ్యాంకుకి పంపించమంది. పారెయ్యకుండా పంపడమేంటో నాకర్థం కాలేదు. అక్కడ ఆ మేడమే మళ్ళీ గ్రూపు, క్రాస్ మ్యాచ్ (దాత రక్తం పేషెంటు రక్తానికి పడుద్దో లేదో కలిపి చూడ్డం) మొదట్నుంచి చేసి, కణాలు పగల్లేదు, గ్రూపు తేడా కాదు, దాత రక్తంలో మిగిలిన తెల్లకణాల వల్ల వచ్చే జ్వరం రియాక్షను అని రాసి సంతకం పెట్టి ఇచ్చింది. అలాంటి కాయితం ఇస్తారనే నాకు తెలీదు. ఇంకో బ్యాగు ఇచ్చారు, అది ఏ గొడవా లేకుండా ఎక్కింది.

ఆ రాత్రికే బాబుకి పసికర్లు. మా పెద్దాడు పుట్టినప్పుడూ పచ్చబడ్డాడు (నాది O గ్రూపు, వాడిది A), రెండ్రోజులు నీలం లైటు కింద పెడితే తగ్గిపోయింది, ఇదీ అంతే అనుకున్నాను. కాదు. బిలిరుబిన్ (పసికర్లు తెచ్చే పసుపు పదార్థం) గంటగంటకీ పెరుగుతుంటే మెదడుకి ఎక్కకముందే రక్తం మొత్తం మార్చాలన్నారు. రాసిచ్చిన చీటీ మీద ఓ నెగెటివ్ అనుంది. బాబుది బి పాజిటివ్ కదండీ, తప్పు రాశారని మా మరిది మళ్ళీ గొడవకెళ్ళాడు. ఈసారి మేడం కూర్చోబెట్టి చెప్పింది, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బాబు వొంట్లో తిరుగుతున్నాయండి, పాజిటివ్ రక్తం పెడితే దాన్నీ పగలగొట్టేస్తాయి, అందుకే నెగెటివ్, క్రాస్ మ్యాచ్ కూడా తల్లి రక్తంతోనే చూస్తాం అని.

వాళ్ళ ఫ్రిజ్‌లో ఓ నెగెటివ్ ఒకటుంది గానీ మూడు వారాల పాతది. పాత బ్యాగులో పొటాషియం పెరుగుద్ది, రెండున్నర కేజీల పిల్లాడి గుండెకి అంత ప్రమాదం ఎందుకు, తాజాది పిలిపిస్తానని పుస్తకం తీసి అర్ధరాత్రి ఫోన్లు మొదలెట్టింది. ఏడో నంబరో ఎనిమిదో నంబరో ఎత్తాడు. తాళ్ళరేవు దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసే కుర్రాడు, బండి మీద వచ్చాడు, లుంగీ మోకాళ్ళ దాకా తడి, మేత వాసన. కాళ్ళు కడుక్కుని వచ్చి పడుకుని చెయ్యి చాపాడు. డబ్బులివ్వబోతే "ఆయ్, అయ్యొద్దండి" అన్నాడు, ఫ్రూటీ కూడా తాగకుండా తెల్లారేసరికి చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకోవాలని వెళ్ళిపోయాడు. మా తమ్ముడు నాదీ నెగెటివే తీసుకోండంటే, రక్తసంబంధీకులది నేరుగా ఎక్కించం, ముందు రేడియేషన్ పెట్టాలి, మీది స్టాకులోకి తీసుకుంటాం అన్నారు. తాజా బ్యాగుకి హెచ్ఐవీ, హెపటైటిస్ బీ సీ, సిఫిలిస్, మలేరియా టెస్టులన్నీ అయ్యేసరికి తెల్లారింది, ఆ కొన్ని గంటలూ ఎలా గడిచాయో చెప్పలేనండి.

అద్దంలోంచి చూశాను. బొడ్డులోంచి పెట్టిన సన్న గొట్టంలో పది మిల్లీలీటర్లు లాగడం, పది మిల్లీలీటర్లు ఎక్కించడం, ఒక సిస్టర్ లెక్క పైకి చదువుతూ రాసుకుంటుంది. నాలుగొందల చిల్లర మిల్లీలీటర్లు, రెండు గంటలు. ఇప్పుడు బాబుకి మూడో నెల. మధ్యలో నెలన్నరకి హిమోగ్లోబిన్ పడుద్దేమో చూడాలన్నారు, చూశారు, బానే ఉంది.

ఇక తిట్లు. ల్యాండ్‌లైను ఎత్తరు గాక ఎత్తరు. కూర్చోడానికి నాలుగు కుర్చీలు, అందులో ఒకటి విరిగింది, రాత్రయితే దోమలు పీకేస్తాయి, బాత్రూం గురించి రాయకపోవడమే మంచిది. మా మరిదిని రిప్లేస్‌మెంట్ డోనర్ని (తీసుకున్న రక్తానికి బదులు ఇచ్చే మనిషిని) తెమ్మని పగటిపూట కుర్రాడొకడు విసిగించాడు, అప్పటికే మా తమ్ముడు ఇచ్చాడని వాళ్ళ పుస్తకంలోనే ఉంది. రక్తం అమ్మకూడదు, టెస్టులకీ బ్యాగుకీ అయ్యే ఛార్జీ మాత్రమే అంటారు, అది కరెక్టే, కానీ ఆ ఛార్జీల బోర్డు తలుపు వెనకాల పెడితే ఎవడికి కనపడుద్దండి. ఒక స్టార్ దీనికి తగ్గించాను.

వెళ్ళేవాళ్ళు ఆధార్ కార్డులో పేరూ హాస్పిటల్ ఫైల్లో పేరూ ఒకటేనా అని ముందే చూసుకోండి, ముఖ్యంగా పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడపిల్లలు. బ్యాగు తేవడానికి ఐస్ పెట్టె వాళ్ళే ఇస్తారు, 500 డిపాజిట్. మా పెట్టె ఇంకా కారు డిక్కీలోనే ఉంది, వచ్చే వారం కాకినాడ వెళ్ళినప్పుడు ఇచ్చెయ్యాలి.