పిప్‌తో సరిపెట్టుకోవాలా, పొయెట్రీకో యూవీకో మారాలా: ఏది మేలు?

“పైథాన్ ప్రాజెక్టులో లైబ్రరీలు ఒకదానితో ఒకటి పడటం లేదు. పిప్ వదిలేసి యూవీకి మారితే ఈ గొడవ తీరుతుందా?” ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. పిప్ అంటే పైథాన్ లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే మామూలు టూల్; యూవీ ఆ పనికే వచ్చిన ఇంకో టూల్. కొందరు యూవీ బదులు పొయెట్రీ అంటారు, డేటా సైన్స్ వైపు వాళ్లయితే కాండా అంటారు. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను: కొత్త ప్రాజెక్టుకు యూవీ. అందరూ దాని వేగం గురించే మాట్లాడతారు గానీ, నా లెక్కలో వేగం రెండో సంగతి.

మొదట ఒక విషయం తేల్చుకోండి. వచ్చిన ఎర్రర్ ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అయితే టూల్ మార్చినా ఎక్కడి గొంగళి అక్కడే ఉండొచ్చు. చాలాసార్లు పిప్ ఒక పైథాన్‌లో ఇన్‌స్టాల్ చేస్తుంది, మనం కోడ్‌ను ఇంకో పైథాన్‌తో నడుపుతాం. ఉత్త ‘పిప్ ఇన్‌స్టాల్’ కాకుండా ‘పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్’ అని కొడితే, మీరు నడిపే పైథాన్‌లోకే లైబ్రరీ వెళ్తుంది. రెండోది పేరు తేడా. ఇంపోర్ట్ చేసేది సీవీ2, ఇన్‌స్టాల్ చేయాల్సింది ఓపెన్‌సీవీ-పైథాన్. పీఐఎల్ కావాలంటే పిల్లో, యామల్ కావాలంటే పైయామల్. ఎర్రర్‌లో కనిపించిన పేరే తెచ్చి పిప్‌కి ఇస్తే, ఆ పేరుతో ఇంకెవరో పెట్టిన ప్యాకేజీ దిగినా దిగొచ్చు.

ఇక అసలు గొడవ. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు ఒకే ప్రాజెక్టులో పక్కపక్కనే ఉండగలవు. పైథాన్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్‌కి (అంటే ఒక పైథాన్, దానికోసం దింపిన లైబ్రరీల గుంపు) ఒక లైబ్రరీ ఒక్క వెర్షనే. అందుకే ఎవరికి ఏ వెర్షన్ కావాలో అందరినీ ఒక మాట మీదికి తేవాలి. ఆ పని ఏ టూల్ అయినా ఎంతో కొంత చేస్తుంది. 2020 నవంబరులో వచ్చిన 20.3 వెర్షన్ నుంచి పిప్ కూడా చేస్తోంది. అంతకు ముందు మొదట కంటబడిన వెర్షన్ దింపేసి ముందుకు పోయేది. కాబట్టి ‘పిప్‌కి కాన్‌ఫ్లిక్టులు తెలియవు’ అనే పాత మాట ఇప్పుడు చెల్లదు.

మరి తేడా ఎక్కడుంది? ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 2023 సెప్టెంబరు చివర్లో వెర్క్‌జూగ్ అనే లైబ్రరీ 3.0 వచ్చింది. వెబ్ యాప్‌లు రాయడానికి వాడే ఫ్లాస్క్ నడిచేది దాని మీదే. కావాల్సిన లైబ్రరీల జాబితా అయిన రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో జాగ్రత్తగా ‘ఫ్లాస్క్==2.2.2’ అని రాసుకున్నవాళ్ల యాప్‌లు కూడా కొత్తగా డిప్లాయ్ చేయగానే పడిపోయాయి: వెర్క్‌జూగ్‌లో ‘యూఆర్‌ఎల్_కోట్’ అనే ఫంక్షన్ దొరకడం లేదని ఎర్రర్. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, ఫ్లాస్క్ వెర్షనూ మారలేదు. జరిగిందేమిటంటే, ఫ్లాస్క్ 2.2.2 ‘నాకు వెర్క్‌జూగ్ 2.2.2 గానీ అంతకంటే కొత్తది గానీ కావాలి’ అని మాత్రమే అడుగుతుంది, పై హద్దు లేదు. పిప్ నిజాయితీగా అన్నిటికంటే కొత్తదైన 3.0 దింపింది. ఆ ఫంక్షన్‌ను 3.0లో తీసేశారు. పిప్ లెక్కలో ఇక్కడ కాన్‌ఫ్లిక్టే లేదు, చెక్ చేసినా అంతా బాగానే ఉందంటుంది.

దీనికి పిప్ పద్ధతిలో మందు ‘ఫ్రీజ్’. ఉన్నవన్నీ వెర్షన్లతో సహా ఫైల్లోకి దించేస్తాం. అక్కడితో ఒక సమస్య తీరి ఇంకోటి మొదలవుతుంది. మనం పిలిచిన చుట్టాలెవరో, వాళ్ల వెంట వచ్చినవాళ్లెవరో తెలియని జాబితా అది. ఎనభై పేర్లుంటే అందులో మనం నిజంగా ఇంపోర్ట్ చేసేవి పన్నెండు. ఆర్నెల్ల తర్వాత ఒక సెక్యూరిటీ అప్‌డేట్ కోసం ఒక పేరు పక్కన నంబరు మారిస్తే, ఇంకో నాలుగు ‘మాకు కుదరదు’ అంటాయి. ఆ నాలుగూ మనకు అక్కర్లేకపోవచ్చు, ఎప్పుడో తీసేసిన లైబ్రరీ వదిలిపెట్టి పోయినవి కావచ్చు. ఆ సంగతి ఫైల్లో ఎక్కడా ఉండదు.

నా దృష్టిలో తేల్చాల్సింది ఇదే: మనం అడిగిందేమిటో ఒక చోట, దానికోసం చివరికి దిగిందేమిటో ఇంకో చోట, టూల్ తనంతట తాను రాసి పెట్టాలి. అడిగింది మనం రాస్తాం, దిగింది లాక్ ఫైల్లో ఉంటుంది. పైన చెప్పిన ఫ్లాస్క్ యాప్‌కు లాక్ ఫైలు ఉండి ఉంటే పాత వెర్క్‌జూగే దిగేది, ఏ టెన్షనూ ఉండేది కాదు. పిప్‌తోనే ఉండాలనుకుంటే పిప్-టూల్స్ ఈ పని చేస్తుంది, చిన్న ప్రాజెక్టుకు అది చాలు.

పొయెట్రీ, యూవీ రెండూ ఈ పరీక్షలో పాసే. రెండింటి లోపలా వెర్షన్లు కుదిర్చేది పబ్‌గ్రబ్ అనే పద్ధతే. అందుకే కుదరనప్పుడు ఎందుకు కుదరదో వరసగా చెబుతాయి: ఫలానా దానికి నంపై (లెక్కల లైబ్రరీ) 2 లోపు కావాలి, ఇంకోదానికి 2 పైన కావాలి, కాబట్టి ఈ రెండూ కలిసి ఉండలేవు. పిప్ అయితే పాత వెర్షన్లు ఒక్కొక్కటీ ప్రయత్నిస్తూ వెనక్కి పోతూ ఉంటుంది, మనం స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి.

పొయెట్రీ 2018 నుంచి ఉంది, నమ్మకంగా పనిచేస్తుంది. నాకు నచ్చనిది ఒకటే. ఏ లైబ్రరీ చేర్చినా తనంతట తాను పై హద్దు కూడా రాస్తుంది. యాప్‌కి అది పర్లేదు. మీరు రాసేదే ఒక లైబ్రరీ అయితే, ఆ హద్దులు దాన్ని వాడేవాళ్ల మెడకు చుట్టుకుంటాయి. యూవీ మామూలుగా కింది హద్దు మాత్రమే రాసి, మిగతాది లాక్ ఫైలుకు వదిలేస్తుంది.

2024 ఫిబ్రవరిలో వచ్చిన యూవీలో నన్ను కట్టిపడేసినవి రెండు. ఒకటి ఓవర్‌రైడ్. ఎవరో పాత లైబ్రరీలో ఊరికే రాసిపెట్టిన హద్దు అడ్డొస్తే, ‘వాళ్లేమన్నా సరే ఈ వెర్షనే వాడు’ అని చెప్పొచ్చు. పొయెట్రీలో నాకు ఈ సౌకర్యం దొరకలేదు. టెస్టులు లేని ప్రాజెక్టులో దీన్ని వాడటం కొరివితో తల గోక్కోవడమే, అది వేరే సంగతి. రెండోది ‘ఎక్స్‌క్లూడ్-న్యూయర్’: ఒక తేదీ ఇస్తే, ఆ తేదీ తర్వాత వచ్చిన వెర్షన్లేవీ లేనట్టే లెక్క వేస్తుంది. లాక్ ఫైలు లేని పాత ప్రాజెక్టు చేతికొచ్చిందనుకోండి, గిట్‌లో చివరి కమిట్ తేదీ చూసి అదే ఇవ్వండి. వెర్క్‌జూగ్ 3.0 గానీ, 2024 జూన్‌లో వచ్చి పాత కంపైల్డ్ ప్యాకేజీలను కూలగొట్టిన నంపై 2.0 గానీ దరిదాపుల్లోకి రావు. ప్యాకేజీ అప్‌లోడ్ తేదీలు ఇవ్వని ప్రైవేట్ ఇండెక్సుల దగ్గర మాత్రం ఇది పనిచేయదు.

వంక లేదా అంటే ఉంది. యూవీ లాక్ ఫైలు దాని సొంత ఫార్మాట్, టూల్ నడిపేది ఒక కంపెనీ. కోడ్ ఓపెన్ సోర్సే, రిక్వైర్‌మెంట్స్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకునే దారీ ఉంది కాబట్టి నాకు పెద్ద భయం లేదు. పొయెట్రీతో సాఫీగా నడుస్తున్న ప్రాజెక్టునైతే కదిలించకండి.

కాండా సంగతి వేరు. జీడాల్ లాంటి సీ లైబ్రరీలు, పైథాన్ కానివి కలిసి కావాలంటే అదే దిక్కు. లేకపోతే అవసరం లేదు. ఇలాంటిదే ఇంకో టూల్ పిప్‌ఎన్వ్‌ను ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టడానికి నాకు కారణం కనిపించదు.

మారేవాళ్లు ఫ్రీజ్ చేసిన ఫైలును ఉన్నదున్నట్టు యూవీకి ఇవ్వకండి. అలా ఇస్తే ఎనభై పేర్లూ మీరే అడిగినట్టు రాసుకుంటుంది, మళ్లీ మొదటికే వస్తారు. కోడ్‌లో ఇంపోర్ట్ చేస్తున్న పన్నెండు పేర్లే వెర్షన్లు లేకుండా వేరే ఫైల్లో రాసి, ‘యూవీ యాడ్’కి దాన్ని -ఆర్‌తోనూ, పాత ఫైలును -సీతోనూ ఇవ్వండి. -సీతో ఇచ్చిన పేర్లు మీ జాబితాలో చేరవు, వెర్షన్లు మాత్రం పాతవే నిలుస్తాయి. ఆ లాక్ ఫైలును గిట్‌లో పెట్టి, టెస్టులు నడిపి చూసుకున్నాక అప్‌డేట్ల పని మొదలుపెట్టండి, ఒక్కో లైబ్రరీ చొప్పున.